రంగు తర్వాత, ముందు బ్రేకు పైపులు
(ఆయుధపూజ సందర్భంగా కడపలో జరిగిన మెకానిక్కుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, మన సంఘం అధ్యక్షులకు, కార్యదర్శికి, రాయచోటి నుంచి, ప్రొద్దుటూరు నుంచి పని మానుకుని వచ్చిన మెకానిక్ సోదరులకు, కుర్చీలు చాలక వెనకాల నిలబడిన కుర్రాళ్లకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఆయుధపూజ విశిష్టత గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ సంగతి నాకంటే బాగా చెప్పగల అయ్యవారు ఇక్కడే కూర్చుని ఉన్నారు. ఆయన చెబుతారు. నేను బ్రేకు పైపుల గురించి మాట్లాడతాను.

రేపు పొద్దున అందరం బండ్లు కడుగుతాం. పసుపు, కుంకుమ పెడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, గుమ్మడికాయ కొడతాం. కొట్టాల్సిందే, నేనూ కొడతాను. కానీ కడిగేటప్పుడు ఒక్కసారి టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరండి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి వెనక చక్రాల దాకా ఒక సన్నటి ఇనుప పైపు పోతుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు చూశారు? లైనర్లు మారుస్తాం, ప్యాడ్లు మారుస్తాం, డ్రమ్ము అరిగితే లేతు మీద పెట్టిస్తాం. పైపు కారేదాకా దాని జోలికి మాత్రం పోం.

ఈ మధ్య నా షెడ్డుకు ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చింది. ఎంజీబీ, 1967 మోడల్, పైకప్పు లేని రెండు సీట్ల బండి. ఎంజీ అంటే ఇప్పటి పిల్లలకు హెక్టర్ కారే గుర్తొస్తుంది. ఇది వేరు. ఇంగ్లండులో అబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి. 1,798 సీసీ ఇంజను, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముట్టుకుంటే చెయ్యి జారేంత నున్నగా ఎర్ర రంగు వేయించారు. కొత్త తోలు సీట్లు, తళతళలాడే బంపర్లు. రంగుకే లక్షలు పోశామని ఓనరు చెప్పారు. లిఫ్టు మీద ఎత్తి కింద చూస్తే పుచ్చిన వంకాయే. పైన నిగనిగ, లోపలంతా పురుగు. బ్రేకు పైపులు ఆ బండి పుట్టినప్పటివే. గోటితో గీకితే పొరలు పొరలుగా తుప్పు రాలింది. వెనక యాక్సిల్ దగ్గర ఒక జానెడు మాత్రం ఎర్రగా కొత్తగా మెరిసింది. అది ఫ్రిజ్‌కి వాడే రాగి పైపు. రెండు వైపులా ఇత్తడి జాయింటు పెట్టి అతికించారు.

ఎవరు అతికించారో నేను అడగలేదు. ఈ హాల్లో ఉన్నారా లేదా అన్నది కూడా నాకు అక్కర్లేదు. ఆ పని చేసినవాడికి తెలియనిది ఒకటుంది, అది చెప్పడానికే మైకు పట్టుకున్నాను. ఉత్త రాగి మెత్తగా ఉంటుంది, చేత్తో వంగుతుంది, సులువుగా ఫ్లేర్ అవుతుంది, అంటే జాయింటు కోసం పైపు చివర విప్పారుతుంది. నిజమే. కానీ బండి అదురుకు రోజూ కదిలి కదిలి బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రాగి ఫ్లేరు మెడ దగ్గర చీలుతుంది. టైరులో గాలి 30 పీఎస్ఐ ఉంటుంది కదా. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పైపులో వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. అంత ఒత్తిడికి ఫ్రిజ్ పైపా?

ఓనరుకు తొందర. రాయచోటిలో తమ్ముడి పెళ్లి, ఊరేగింపు ఈ బండిలోనే. "మేస్త్రీ, కారిన చోట ఇంకో ముక్క అతికించు. పెళ్లయ్యాక తీరిగ్గా మార్పిద్దాం" అన్నారు. "అతికించను సార్. మొత్తం మారుస్తాను, లేదంటే లారీ మీద ఎక్కించుకుని పొండి" అన్నాను. ఆయన అక్కడే నిలబడి ఇంకో షెడ్డుకు ఫోన్ చేశారు. వాళ్లు చాలా తక్కువకు ఒప్పుకున్నారు. అప్పుడు నేను ఒకటే అడిగాను. "సార్, సీట్లో కూర్చోండి. గువ్వలచెరువు ఘాట్‌లో దిగుతున్నారు, ముందు లారీ ఆగింది అనుకుని మీ బలమంతా పెట్టి తొక్కండి." ఆయన తొక్కారు. మొదటిసారి నిలబడింది. రెండోసారి టప్పుమని శబ్దం, పెడల్ నేలకు పోయింది. వెనక, పైపును పట్టి ఉంచే క్లిప్పు కింద పైపు పగిలి బ్రేకు ఆయిలు గోడ దాకా చిమ్మింది. ఆ రాగి ముక్క దగ్గర కూడా కాదు, దాని పక్కనున్న పాత ఇనుములో. అతికించిన చోటు నిలిచింది, అతికించనిది పోయింది. అతుకు పని ఎప్పుడూ ఇంతే సోదరులారా, కుళ్లు ఒక్కచోటే ఉండదు.

ఇంకోటి గమనించండి. ఆ బండికి బ్రేకు సర్క్యూటు ఒకటే. ఇప్పటి కార్లలో రెండుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి సగమైనా ఆపుతుంది. పాత బండిలో ఒక్క చోట కారితే నాలుగు చక్రాలూ పోయినట్టే. ఇక మిగిలేది హ్యాండు బ్రేకు. మీ దగ్గరికి ఏ పాత బండి వచ్చినా, అంబాసిడరైనా ఫియట్టైనా, ముందు మాస్టర్ సిలిండర్ చూడండి. ఒకటే లైనుంటే ఇంకాస్త భయంతో పని చేయండి.

కొందరంటారు, మన కడపలో వానే తక్కువ, తుప్పెక్కడిదని. అది తప్పు. పైపు బయటినుంచే కాదు, లోపలినుంచి కూడా తుప్పు పడుతుంది. మనం వాడే బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. హోస్ పైపుల గుండా, డబ్బా మూత గుండా ఆ తేమ లోపలికి పోతూనే ఉంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్లు చేరాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలని నిబంధన. ఎంత తేడా ఉందో చూడండి! మన మే నెల ఎండలో, గువ్వలచెరువు దగ్గర పాలకోవా తిని, ఫస్టు గేరు కూడా వేయకుండా బ్రేకు మీదే ఘాట్ దిగేవాళ్లున్నారు. ఆ నీళ్ల ఆయిలు మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి పుడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఇక బయటి తుప్పు సంగతి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు ఎన్ని బండ్లు మునిగాయో మీరు చూశారు. ఇంజను ఆయిలు మార్చారు, సీట్లు ఆరబెట్టారు. క్లిప్పుల కింద ఇరుక్కున్న బురద ఎంతమంది తీశారు? ఆ బురదలో తడి నిలిచి తుప్పు పడుతుంది, పైపు పగిలేది అక్కడే. నేను లారీల గాలి బ్రేకుల గురించి మాట్లాడటం లేదు, అది వేరే సభ.

సరే, పని ఎలా చేశానో చెబుతాను, కుర్రాళ్లు వినండి. పాత నట్టుకు మామూలు స్పానర్ పెట్టకండి, మూలలు గుండ్రంగా అయిపోతాయి. నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ పెట్టండి. రాకపోతే పైపు కోసి సాకెట్టు పెట్టి తీయండి, ఎలాగూ ఆ పైపు మళ్లీ వేసేది కాదు కదా. అలాగని పాత పైపును అప్పుడే పారేయకండి, అదే మీ కొలత. ఒంపులు ఎక్కడున్నాయో దారం పెట్టి కొలవండి, ఫ్లేరుకు పోయేది కలుపుకోండి. నేను వేసింది రాగి-నికెల్ పైపు, బయటి కొలత 3/16 అంగుళం. సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్. తుప్పు పట్టదు, ఉత్త రాగిలాగా చీలదు. వోల్వో కార్లకు 1970లలోనే వేశారు.

కోసేది పైపు కట్టరుతో, హ్యాక్సాతో కాదు. లోపలి చివర గీరి నున్నగా చేయాలి. ఫ్లేర్ చేయకముందే నట్టు ఎక్కించాలి. అంచును లోపలికి మడిచి రెండు పొరలు చేసే డబుల్ ఫ్లేర్ కావాల్సిన చోట ఒకే పొర సింగిల్ ఫ్లేర్ చేస్తే చీలుతుంది. కొన్ని చోట్ల గుండ్రటి బుడగ ఫ్లేరు ఉంటుంది. పాత పైపు చివర చూసి అదే రకం చేయండి. నట్టు విషయం ఇంకా జాగ్రత్త. ఇంగ్లీషు బండిలో 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. మన అంగట్లో దొరికేది 10 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం. చూపుకు రెండూ ఒకటే. బలవంతంగా తిప్పితే బిగుసుకున్నట్టే ఉంటుంది, మర మాత్రం పాడవుతుంది. రెండు చుట్లు వేళ్లతో తిరగకపోతే ఆపేయండి.

రబ్బరు హోసులు కూడా మార్చాను, ముందు రెండు, వెనక ఒకటి. ముసలి హోసు పైకి బాగానే ఉంటుంది, లోపల ఉబ్బి దారి మూసుకుంటుంది. తొక్కితే ఆయిలు పోతుంది, వదిలితే వెనక్కి రాదు. చక్రం పట్టుకునే ఉంటుంది, కాలుతుంది. మీరు క్యాలిపర్ మార్చి డబ్బు తీసుకుంటారు, వారం తర్వాత అదే బండి మళ్లీ మీ షెడ్డు ముందుంటుంది. ముందు చక్రం దగ్గర ఆయిలు, గాలి వదిలే బ్లీడింగ్ నిపుల్ వదులు చేసి చూడండి. ఆయిలు చిమ్మి చక్రం తిరిగితే హోసు మీదే అనుమానం.

పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడం, అదే ఎయిర్ తీయడం, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. మన కుడి స్టీరింగు బండ్లలో అది మామూలుగా వెనక ఎడమ చక్రం. తీసిన ఆయిలు మళ్లీ డబ్బాలో పోయకండి. బయట చిందనివ్వకండి కూడా, బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది, ఓనరు లక్షలు పోసిన రంగు! పక్కన నీళ్ల బకెట్టు, గుడ్డ పెట్టుకోండి. అంతా అయ్యాక ఆయన్నే మళ్లీ సీట్లో కూర్చోబెట్టి గట్టిగా తొక్కించాను. ఒక్కో జాయింటునీ పొడి కాగితంతో తుడిచి చూపించాను. పెళ్లికి ఆయన వేరే కారులో పోయారు. ఈ బండి తర్వాత తీసుకుపోయారు.

పది నిమిషాలు దాటింది, కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క మాట అడిగి దిగుతాను. మనలో చాలామంది ఫ్రిజ్ పైపు వేసేది దుర్మార్గంతో కాదు. చేతిలో మంచి ఫ్లేరింగ్ టూలు లేక. మంచి టూలు ఖరీదు, ఏడాదికి నాలుగుసార్లు వాడేదానికి ఒక్కడు కొనలేడు. సంఘం డబ్బుతో ఒకటి కొందాం. సంఘం ఆఫీసులో పెడదాం. పుస్తకంలో సంతకం పెట్టి ఎవరైనా తీసుకుపోవచ్చు, పని కాగానే తెచ్చివ్వాలి. పక్కనే రాగి-నికెల్ పైపు ఒక చుట్ట, రెండు రకాల నట్లు వేరువేరు డబ్బాల్లో, పైన కొలత రాసి. కుర్రాళ్లకు నేర్పడానికి ఆదివారాలు నేను వస్తాను, ఫీజు అక్కర్లేదు. ఈ సంవత్సరం ఈ హాలుకు కట్టిన పూలదండల ఖర్చులో సగం చాలు. తీర్మానం ఇప్పుడే పెట్టండి అధ్యక్షా. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లు కూడా ఎత్తండి, రేపు ఆ టూలు పట్టుకునేది మీరే.