టర్బో మీద పడిన నింద

శ్రోతలకు నమస్కారం. చెన్నై మాధవరంలో చాలాకాలంగా పాత లారీల ఇంజన్ పనులు చేస్తున్నవాణ్ణి కనుక, అరిగిన టర్బో ఇంజనును విప్పేముందు ఏమేమి చూడాలో, విప్పాక దానిని ఎలా నిలబెట్టాలో ఈరోజు చెబుతాను.

ఆ మధ్య నెల్లూరు నుంచి బియ్యం లోడుతో వచ్చిన ఆరు సిలిండర్ల లారీ ఒకటి మా షెడ్డుకు చేరింది. "అన్నా, నీలం పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది, టర్బో మార్చెయ్యి" అన్నాడు డ్రైవరు. మూడు నెలల కిందటే వేరేచోట కొత్త టర్బో వేయించారట. అంత త్వరగా రెండోది కూడా పోయిందంటే, దోషం దానిదేనా అని ఆగి ఆలోచించాలి.

బయటికి పోయే పొగ బలంతోనే గాలిని ఇంజనులోకి ఒత్తిపంపే ఈ ఉపాయానికి 1905లోనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ పేటెంటు కోరాడు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దానిని మోసేది పలచని ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ తన బరువుతోనే కిందికి, ఇంజన్ అడుగున ఉండే క్రాంక్ కేసులోకి దిగిపోవాలి. పిస్టన్ చుట్టూ వాయువు జారిపోకుండా బిగిసి ఉండే రింగులు అరిగితే మండిన వాయువు వాటి సందుల్లోంచి అక్కడికే చేరి ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు ఆయిల్ దిగే దారిలేక టర్బోలోనే నిలిచి, సీలు దాటి గాలి గొట్టంలోకి పోయి, సిలిండర్లలో కాలి నీలం పొగవుతుంది.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూతను విప్పి, తిరగేసి అక్కడే పెట్టాను. అన్నం కుండ మీద మూతలా ఎగిరెగిరి పడింది, అంటే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగిందన్నమాట. డీజిల్ చిమ్మే నాజిళ్లు తీసి, కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, చూస్తే రెండు సిలిండర్లు బాగా తక్కువ చూపించాయి. టర్బో ఇరుసు మాత్రం వదులు కాలేదు, కానీ గాలి రెక్కల అంచులు గరుకు కాగితంతో రుద్దినట్టు మొద్దుబారాయి. ఫిల్టరు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే, క్లాంపు కింద వేలెడు చీలిక కనిపించింది. రోడ్డు దుమ్ము ఫిల్టరును తప్పించుకుని అందులోంచే లోపలికి పోయి రింగులనూ, పిస్టన్ తిరిగే గొట్టాల్లాంటి లైనర్లనూ అరగదీసింది.

సిలిండర్ల పై మూత అయిన హెడ్డు దించాక లైనరు పైభాగంలో గోరు పెట్టి కిందికి లాగాను. పై రింగు ఆగి వెనుదిరిగే చోట గోరు అంచుకు తగులుకుంది, అంటే అక్కడ గోడ అరిగి మెట్టు పడింది. ఆరు లైనర్లూ, పిస్టన్లూ, రింగులూ కొత్తవి వేశాము. లైనరు అంచు బ్లాకుకు ఎంత పైకి నిలవాలో డయల్ గేజితోనే చూడాలి, కంటి అంచనాతో వేస్తే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ నిలవదు. క్రాంకు ఇరుసులో బేరింగుల మీద తిరిగే భాగాలు, జర్నల్స్, మైక్రోమీటరుకు కోలగా తేలడంతో లేత్ షాపులో 0.25 మిల్లీమీటరు సైజు తగ్గించి గ్రైండింగు చేయించి, దానికి సరిపడే బేరింగులు వేశాము. వాల్వుల పని మామూలే. టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరులో నిలిచిన ఆయిలును మాత్రం శుభ్రంగా కడిగాము; అది మిగిలితే ఇంజన్ దాన్నే మండించుకుని అదుపు తప్పవచ్చు. గొట్టం, క్లాంపులు కొత్తవి వేశాము, వాటి ఖర్చు మొత్తం బిల్లులో లెక్కకు రానంత చిన్నది.

మొదటిసారి స్టార్టు చేసేముందు డీజిల్ ఆపి, టర్బోకు వెళ్లే ఆయిల్ పైపు నట్టు వదులుచేసి, అక్కడ ఆయిల్ చిమ్మేదాకా సెల్ఫ్ కొట్టాము. పొడి బేరింగుతో తిరిగితే ఆ ఇరుసుకు కొన్ని క్షణాలు చాలు పాడవడానికి.

ఇక ఓనరు, కొత్త ఇంజను కదా అని, వారం రోజులు లోడు లేకుండానే తిప్పుతానన్నాడు. అలా చేస్తే రింగులు లైనరు గోడకు సరిగ్గా అమరకముందే ఆ గోడ నున్నబడి, మళ్లీ ఆయిల్ తాగడం మొదలవుతుంది. సగం లోడు వేయించి, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు నొక్కిపట్టకుండా నడపమని డ్రైవరుకు చెప్పి, ఆ సాయంత్రమే రెడ్‌హిల్స్ మీదుగా నెల్లూరుకు పంపించాము.