ఫార్మర్స్ మార్కెట్‌లో మనమూ స్టాల్ పెట్టొచ్చా? ఒక సీజన్ అమ్మాక నా రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ఈ ఛానల్‌లో ఇప్పటిదాకా కుండీలు, విత్తనాలు, డ్రిప్ పైపులు రివ్యూ చేశాను. ఈసారి వస్తువు కాదు, ఒక పనిని రివ్యూ చేస్తున్నా. పెరట్లో పండించినవీ, ఇంట్లో చేసినవీ తీసుకెళ్లి వారానికోసారి జరిగే ఫార్మర్స్ మార్కెట్‌లో అమ్మడం. సీజన్ మొత్తం, 22 వారాలు, ఒక్క వారం కూడా మానకుండా వెళ్లాను. సరే, అబద్ధం ఎందుకు, ఒక వారం జ్వరమొచ్చి పడుకున్నా. 21 అనుకోండి.

మార్కు ముందే చెప్పేస్తా. 10కి 7. మొదటి నెల అయ్యాక అడిగుంటే 3 ఇచ్చేవాణ్ని, అదీ మొహమాటానికి. 3 నుంచి 7 దాకా రావడానికి కారణం కొత్త టెంటు కాదు, కొత్త బోర్డు కాదు. ఇదిగో, ఈ నోట్‌బుక్. దగ్గరికి చూపిస్తా, చూడండి. టమాటా మరకలు పట్టించుకోకండి.

మొదటి నాలుగు వారాలు ఎంత అమ్మానో మాత్రమే రాసుకున్నా. గల్లాపెట్టె నిండినట్టే ఉండేది, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఎందుకో అర్థం కాలేదు. ఐదో వారం మా అక్క వచ్చి, "ఒరేయ్, ఎంత పట్టుకెళ్లావో ఎంత తిరిగి తెచ్చావో రాయరా ముందు" అంది. అప్పట్నుంచి రెండే గళ్లు. పట్టుకెళ్లింది, తిరిగొచ్చింది.

ఐదో వారం పేజీ చదువుతా. పుదీనా 30 కట్టలు, 19 తిరిగొచ్చాయి. టమాటా 18 కేజీలు, 2 కేజీలు తిరిగొచ్చాయి. తేనె 12 సీసాలు, 8 తిరిగొచ్చాయి. సబ్బులు 25, 14 తిరిగొచ్చాయి. పైకి చూస్తే తేనె, సబ్బు దెబ్బతిన్నట్టు కనిపిస్తోంది కదా? ఆ 8 సీసాలూ, 14 సబ్బులూ తర్వాతి వారం మళ్లీ బల్ల మీదే ఉన్నాయి. 19 పుదీనా కట్టలు మాత్రం కంపోస్టు గుంతలోకి పోయాయి. వాటి కోత, కడగడం, కట్ట కట్టడం అన్నీ కలిపి నాకు రెండు గంటల పని. నేను రెండు గంటలు కష్టపడి ఎరువు తయారు చేశానన్నమాట.

ఆ పేజీ చూశాక నా స్టాల్ మొత్తం మారిపోయింది. ఆకుకూరలు సగానికి తగ్గించా. మార్కెట్ సగం దాటేసరికి అయిపోతే అయిపోనీ అనుకున్నా. అయిపోయాయని విన్న మనిషి తర్వాతి వారం పెందలాడే వస్తాడు. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు, పుదీనా కోసం తలుపులు తీయకముందే నిలబడే ఇద్దరు మనుషులు నాకు తయారయ్యారు.

ఆకుల గురించి ఇంకొక్క మాట. కోత తెల్లవారుజామునే కోయాలి. రాత్రంతా నీళ్లు పీల్చుకుని ఆకు బిర్రుగా ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. ఎండెక్కాక కోస్తే ఆ వేడి ఆకులోనే ఉండిపోతుంది, బుట్టలో పెట్టినా లోపల ఉడుకుతూనే ఉంటుంది. నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, ముందురోజు రాత్రి టమాటాలూ ఆకుకూరలూ ఒకే మూత పెట్టెలో సర్దడం. పండే టమాటా ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. దాని పక్కన పెట్టిన ఆకు త్వరగా పసుపెక్కుతుంది. పొద్దున మూత తీసి చూస్తే అంచులన్నీ పసుపు. టమాటాల్ని ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, సుమారు 12 డిగ్రీల కిందకి పోతే వాసన, రుచి పోతాయి. విడిగా, నీడలో, తొడిమ కిందికి పెట్టి ఒక్క వరసగా పేర్చండి చాలు.

ఇప్పుడు సామాను. టెంటు 3 మీటర్లకి 3 మీటర్లు, మడత పెట్టేది. పదికి 6. టెంటులో తప్పేం లేదు, తప్పు నాది. రెండో వారం గాలి లేదు కదా అని కాళ్లకి బరువు కట్టలేదు. ఒక్క సుడిగాలి వచ్చింది, టెంటు లేచి పక్క స్టాల్ మీద వాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ అక్కడ ఒక గాజు సీసా పగిలింది, దాని ఖరీదు నేనే కట్టా. ఇప్పుడు ఒక్కో కాలికి 20 లీటర్ల నీళ్ల డబ్బా కడుతున్నా. 20 లీటర్ల నీళ్లంటే 20 కేజీలు. పోతూ పోతూ పారబోసి ఖాళీ డబ్బాలు తెచ్చుకోవచ్చు, ఇసుక బస్తాల కన్నా ఇది సుఖం.

కాటా విషయంలో పిసినారితనం వద్దు. వంటింటి కాటాతో తూచి అమ్మడం చాలా దేశాల్లో చట్టప్రకారం కుదరదు, వ్యాపారానికి వాడే కాటాకి ప్రభుత్వ ముద్ర ఉండాలి. బల్ల మట్టంగా ఉందో లేదో కాటా మీదున్న నీటి బుడగ చూసి సరిచేసుకోండి. గాలి వీస్తే అంకెలు ఊగుతాయి, అందుకే నాది మూడు వైపులా అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది. చూడ్డానికి బాగోదు, తూకం నిలుస్తుంది.

అదే కాటా నా పరువు కూడా తీసింది. వినండి. సబ్బులు నేనే చేస్తా, నూనె, కాస్టిక్ సోడా కలిపి, వేడి పెట్టకుండా. చేసే పద్ధతి వేరే వీడియోలో చెబుతా, ఒక్క జాగ్రత్త మాత్రం ఇక్కడే: సోడాని నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. సబ్బు కోశాక నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరబెట్టాలి. నేను కోసిన రోజే తూచా, 120 గ్రాములు. అదే రోజు ముచ్చటగా 120 గ్రాములు అని లేబుళ్లన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నా. ఆరువారాల తర్వాత అంటించి బల్ల మీద పెట్టా. ఒక పెద్దాయన సబ్బు చేతిలోకి తీసుకుని, లేబుల్ చదివి, ఏమీ అనకుండా నా కాటా మీదే పెట్టారు. 106. "ఏం బాబూ, ఆ పద్నాలుగు గ్రాములు ఎవరు రాసుకున్నారు?" అన్నారు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. నీళ్లు ఆవిరైపోయాయండీ అని చెబుతుంటే నా మాట నాకే సాకులా వినిపించింది. ఆరోజు సబ్బులన్నీ లోపల పెట్టేశా. ఇప్పుడు ఆరాక తూచి, వాటిలో తక్కువ తూగిన సబ్బు బరువే అన్నిటికీ రాస్తున్నా. ఆయన ఇప్పుడు మా ఖాతాదారు, ఇప్పటికీ తూచే తీసుకుంటారు.

తేనె దగ్గర గొడవ ఇంకోరకం. చలి మొదలయ్యేసరికి సీసాలో సగం పేరుకుపోయింది. వచ్చినవాళ్లంతా ఒకటే మాట, పంచదార కలిపారా అని. తేనెలో గ్లూకోజు ఎక్కువున్నప్పుడు చల్లదనానికి గడ్డకడుతుంది, అంతే. కల్తీకి గుర్తు కాదు. కానీ వరస కట్టిన జనానికి కెమిస్ట్రీ పాఠం చెప్పలేం కదా. అందుకని పేరుకున్న సీసా ఒకటి, దాన్నే గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి కరిగించిన సీసా ఒకటి, పక్కపక్కన పెట్టి "రెండూ ఒకే తుట్టెవి" అని రాశా. ప్రశ్నలు ఆగిపోయాయి. కొందరైతే పేరుకున్నదే కావాలని అడిగి తీసుకుంటున్నారు, రొట్టె మీద రాసుకోవడానికి బాగుంటుందట. తేనెలో నీటిశాతం కూడా చూసుకోండి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం మామూలుగా 20 శాతం దాటకూడదు, దాటితే పులిసే ప్రమాదం ఉంది. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదని లేబుల్ మీద తప్పకుండా రాయండి, అందులో బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉండొచ్చు.

బాట్యులిజం మాటొచ్చింది కాబట్టి ఒక్క నిమిషం సీరియస్‌గా. ఇంట్లో చేసి సీసాకెత్తిన తిండి అమ్మేటప్పుడు గుర్తుండాల్సిన అంకె పీహెచ్ 4.6. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె ఎంత తక్కువైతే అంత పులుపు. పులుపు దానికన్నా తగ్గితే, అంటే అంకె 4.6 దాటితే, గాలి చొరని సీసాలో ఆ బ్యాక్టీరియా పెరగగలదు. చాలా కూరగాయలు, వెల్లుల్లి నూనెలో వేసినవి, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మామూలుగా మరగబెడితే దాని స్పోర్లు చావవు, ప్రెషర్‌లో 121 డిగ్రీల వేడి కావాలి. అందుకే నేను వాటి జోలికి పోలేదు. పండ్ల జామ్ వేరు, దానికి పులుపు, పంచదార రెండూ కాపలా. మా జామ్ అంతా అక్క చేత్తో చేసిందే, థర్మామీటరు 105 దగ్గరికి వచ్చేదాకా దింపదు. మీ చోట ఇంట్లో చేసిన ఏ తిండికి లైసెన్సు కావాలో, లేబుల్ మీద ఏమేం రాయాలో సరుకు చేయకముందే కనుక్కోండి. గింజలు, పాలు, గోధుమ లాంటి అలర్జీ పదార్థాలుంటే పెద్ద అక్షరాల్లో రాయండి.

డబ్బులు తీసుకోవడానికి క్యూఆర్ కోడ్ అట్ట ఒకటి, చిల్లర డబ్బా ఒకటి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీ కార్ల విడిభాగాలు లెక్కపెట్టుకోడానికి కనిపెట్టిన కోడ్ అది, ఇవాళ నా పుదీనా కట్ట దగ్గరికి వచ్చింది. కానీ దాన్నే నమ్ముకుని వెళ్లకండి, సిగ్నల్ పోయిన రోజు చిల్లర ఉన్నవాడే అమ్ముకున్నాడు.

ధరలు ప్రతి వస్తువు ముందూ రాసి పెట్టండి. మొదటి రెండు వారాలు నేను రాయలేదు, అడిగితే చెబుదామని. జనం అడగరు. చూస్తారు, ఒక అడుగు ఆగుతారు, వెళ్లిపోతారు. ఎక్కువ చెబుతాడేమోనని భయం, అడిగి కొనకపోతే బాగోదని మొహమాటం. బేరం ఆడేవాళ్లు ఎటూ ఆడతారు. నేను ధర తగ్గించను, కొసరు వేస్తా. పచ్చిమిరపకాయలు నాలుగు ఎక్కువేస్తే నాకు పోయేదేం లేదు, వాళ్లు నవ్వుతూ వెళతారు.

ఇక నాకు నచ్చనిది. సొంతంగా పండించినవే అమ్మాలని మార్కెట్ నిబంధనల్లో రాసి ఉంది. అయినా రెండు స్టాళ్లు హోల్‌సేల్‌లో కొన్న సరుకు తెచ్చి, స్టిక్కర్లు పీకి అమ్మాయి. ఇక్కడ కాయని కాలంలో కూడా వాళ్ల దగ్గర కాయలు ఉండేవి. నడిపేవాళ్లకి చెప్పాను, చూస్తామన్నారు, సీజన్ అయిపోయింది. 3 మార్కులు కోసింది ఎక్కువగా దీనికే. మీరు స్టాల్ తీసుకునే ముందు కొనేవాళ్లలా రెండు వారాలు వెళ్లి తిరగండి. ఎవరి చేతి గోళ్లలో మట్టి ఉందో కనిపిస్తుంది.

గంటల లెక్క కూడా చెప్పాలి. మార్కెట్ 4 గంటలే. కోత, కడగడం, సర్దడం, ప్రయాణం, మళ్లీ వచ్చి డబ్బాలు కడుక్కోవడం, జామ్ చేయడం, అన్నీ రాస్తే వారానికి 17 గంటలు తేలింది. వచ్చినదాన్ని 4తో భాగిస్తే మహారాజులం. 17తో భాగిస్తే ఉద్యోగం మానేద్దామన్న ఆలోచన మానేస్తారు. నేను ఉద్యోగం మానలేదు, వచ్చే సీజన్‌కి మాత్రం స్టాల్ మళ్లీ బుక్ చేశా.

ఆఖరి వారం పేజీ చూపించి ఆపేస్తా. పుదీనా 12 కట్టలు, సున్నా. టమాటా 15 కేజీలు, ముప్పావు కేజీ. తేనె 10, 3. జామ్ 16, 1. సబ్బులు 20, 6. కింద గీత గీసి అక్క రాసింది, ఇదిగో: "ఆ ఒక్క జామ్ సీసా మూత తీసింది నేనే, లెక్కలో వేయకు."