పదిహేనుకి పదిహేను, ఆపైన ఒక ప్రసంగం

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అని ఉంది, అందరూ ఎల్‌ఎస్‌యూ అంటారు, మిసిసిపీ నది ఒడ్డున బాటన్ రూజ్ అనే ఊళ్లో ఉంటుంది. 2019లో ఆ జట్టు పదిహేను ఆటలు ఆడింది. పదిహేనూ గెలిచింది. దేశానికే ఛాంపియన్ అయింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంత గొప్ప సీజన్ ఇంకోటి లేదనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకి వెళతాను. ఇది కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరిగెడుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, వెళ్లలేకపోతే బంతి అవతలి వాళ్లది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మీదపడబోతున్న వాళ్లని తప్పించుకుంటూ, బంతి ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు క్వార్టర్‌బ్యాక్. ఇది తెలిస్తే చాలు.

ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ పేరు జో బరో. ఈ అబ్బాయిది లూసియానా కాదు, అక్కడికి చాలా దూరంగా, ఒహాయో రాష్ట్రంలో ఏథెన్స్ అనే చిన్న ఊరి దగ్గర పెరిగాడు. హైస్కూల్లో రాష్ట్రంలోకెల్లా మంచి ఆటగాడని పేరు. ఆ పేరుతో ఒహాయో స్టేట్ అనే పెద్ద యూనివర్సిటీ జట్టులో చేరాడు. మూడేళ్లు ఉన్నాడు, ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చున్నాడు. మొదటి ఏడాది అసలు దింపలేదు, తర్వాత ఇంకొకరు ఆడలేకపోతే దిగడానికి ఉన్నాడు, 2017లో చెయ్యి విరిగింది, ఆ సందులో వేరే కుర్రాడు ముందుకి వెళ్లిపోయాడు. ఈలోగా డిగ్రీ మాత్రం మూడేళ్లలోనే పూర్తి చేసేసి, 2018లో పట్టా చేతపట్టుకుని ఎల్‌ఎస్‌యూకి వచ్చేశాడు.

అతన్ని తీసుకున్న కోచ్ కథా అలాంటిదే. ఎడ్ ఒర్జెరాన్. లూసియానా దక్షిణ కొసన, కాలవల మధ్య ఉండే లారోజ్ అనే ఊరివాడు. గొంతు బొంగురుగా, ఉరుములా ఉంటుంది. కుర్రతనంలో ఇదే ఎల్‌ఎస్‌యూలో ఆడటానికి చేరి, ఇంటి మీద బెంగపెట్టుకుని తిరిగి వెళ్లిపోయినవాడు. కోచ్ అయ్యాక ఒక యూనివర్సిటీ తీసేసింది, ఇంకో యూనివర్సిటీ తాత్కాలికంగా వాడుకుని అసలు ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చింది. చివరికి 2016లో ఎల్‌ఎస్‌యూ కూడా ముందు తాత్కాలికంగానే పెట్టుకుని, తర్వాత ఖాయం చేసింది. అలా బెంచీ మీద కూర్చున్న కుర్రాడూ, తలుపు బయట నిలబడ్డ కోచూ ఒకచోట కలిశారు.

మొదటి ఏడాది ఫర్వాలేదనిపించారు, పదమూడింట్లో పది గెలిచారు. బరో ఏడాది మొత్తానికి పదహారు టచ్‌డౌన్ పాస్‌లు, అంటే టచ్‌డౌన్‌గా ముగిసే విసుర్లు, విసిరాడు. ఈ పదహారు అనే అంకె గుర్తుపెట్టుకోండి.

2019లో జో బ్రేడీ అని ఇరవై తొమ్మిదేళ్ల కొత్త కోచ్ వచ్చాడు. మైదానం మొత్తం పరుచుకుని, ఒకేసారి ఐదుగురిని పాస్ అందుకోవడానికి పంపే పద్ధతి తెచ్చాడు. అంతకుముందు ఎల్‌ఎస్‌యూ అంటే పరుగు మీద నడిచే జట్టు. ఇప్పుడు బంతి గాల్లోకి లేచింది.

సీజన్‌లో రెండో ఆట, సెప్టెంబర్ 7, టెక్సస్ యూనివర్సిటీ మీద, వాళ్ల సొంతగడ్డ ఆస్టిన్‌లో. ఈ ఆటలో ఒక్క బంతి గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఏడాది మొత్తం ఆ ఒక్క బంతిలో కనిపిస్తుంది. ఎల్‌ఎస్‌యూ 37, టెక్సస్ 31. ఆట అయిపోవడానికి రెండున్నర నిమిషాలకి కాస్త అటూ ఇటూ. మూడో ప్రయత్నం, ఇంకా పదిహేడు గజాలు కావాలి. పదిహేడు గజాలంటే మాటలు కాదు. జాగ్రత్తపడే జట్టయితే ఇక్కడ పరుగుతో సరిపెట్టి, గడియారాన్ని కాస్త కరిగించి, బంతిని దూరంగా తన్నేసి, దేవుడి మీద భారం వేస్తుంది. అంతకుముందు ఏళ్ల ఎల్‌ఎస్‌యూ అయితే అదే చేసేదని నా నమ్మకం. బరో విసరడానికి వెనక్కి వచ్చాడు. టెక్సస్ వాళ్లు మామూలు కంటే ఎక్కువమందిని మీదకి వదిలారు. బరో కంగారుపడలేదు, మీదకొచ్చేవాళ్ల మధ్యలోంచి ముందుకి జరిగాడు, కాళ్లు పూర్తిగా కుదురుకోకుండానే విసిరాడు. అతని జట్టులోని జస్టిన్ జెఫర్సన్ మైదానం మధ్యలో అందుకున్నాడు, అందుకున్న ఊపులోనే తిరిగి పరుగెత్తాడు, పరుగెత్తాడు, గీత దాటేశాడు. అరవై ఒక్క గజాల టచ్‌డౌన్. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసినా, బరో ముందుకి జరిగే ఆ క్షణంలో నాకు టెన్షన్ వస్తూనే ఉంటుంది, ఫలితం తెలిసి కూడా.

ఆ తర్వాతవి గబగబా చెప్పేస్తాను. ఫ్లోరిడాని ఓడించారు, ఆబర్న్‌ని మూడు పాయింట్ల తేడాతో గట్టెక్కారు. నవంబర్‌లో అలబామాకి వెళ్లి, 2011 తర్వాత తాము ఒక్కసారి కూడా గెలవలేకపోయిన ఆ జట్టుని 46-41తో ఓడించారు. సొంత మైదానంలో బరో ఆఖరి ఆట రోజున చొక్కా మీద పేరుని లూసియానా ఫ్రెంచి స్పెల్లింగ్‌తో రాయించుకుని వచ్చాడు, లక్ష పైచిలుకు జనం పట్టే ఆ స్టేడియం ఊగిపోయింది. సెమీఫైనల్లో ఓక్లహోమా మీద మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు. ఆ రోజు పొద్దున్నే ఎల్‌ఎస్‌యూ కోచ్‌లలో ఒకరైన స్టీవ్ ఎన్స్‌మింగర్ కోడలు విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆ కబురు విని కూడా ఆయన వెళ్లి తన కుర్చీలో కూర్చుని పని పూర్తి చేశాడు. ఆ మనిషి ఎలా కూర్చోగలిగాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో ఫైనల్. ఎదురుగా వరసగా ఇరవై తొమ్మిది ఆటలు గెలిచి వచ్చిన క్లెమ్‌సన్. 17-7తో వెనకబడి కూడా ఎల్‌ఎస్‌యూ 42-25తో గెలిచింది. పదహారు అన్నాను కదా, ఈ ఏడాది బరో విసిరిన టచ్‌డౌన్ పాస్‌లు అరవై. అప్పటికి అది రికార్డు.

కానీ నాకు ఆ సీజన్లో అన్నిటికంటే ఇష్టమైంది మైదానంలో జరగలేదు. ఫైనల్‌కి నెల ముందు, 2019 డిసెంబర్ 14న, న్యూయార్క్‌లో జరిగింది.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏడాదికొకరికి హైస్‌మన్ ట్రోఫీ ఇస్తారు. ఎల్‌ఎస్‌యూకి అది 1959 తర్వాత మళ్లీ రాలేదు. ఆ ఏడాది బరోకి వచ్చింది, అదీ మిగతావాళ్లు దరిదాపుల్లో లేనంత ఆధిక్యంతో. ఇరవై మూడేళ్ల కుర్రాడు వేదిక ఎక్కాడు. మాట పెగల్లేదు. తల దించుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, అలా కొంతసేపు నిలబడిపోయాడు. తర్వాత జట్టువాళ్లని తలుచుకున్నాడు. కోచ్ ఒర్జెరాన్ వైపు చూసి, మూడేళ్లు ఆడని నన్ను, ఆడగలనో లేదో తెలియకుండానే నమ్మి తీసుకున్నారు అని మళ్లీ ఏడ్చాడు. అక్కడికి ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆపలేదు. తను పెరిగిన ఊరి మాట ఎత్తాడు. మాది ఆగ్నేయ ఒహాయో, చాలా పేద ప్రాంతం, దేశం సగటుకి దాదాపు రెండింతల పేదరికం, బడి నుంచి ఆకలితో ఇంటికి వెళ్లి, బల్ల మీద పెద్దగా తిండి కనపడని పిల్లలు ఏథెన్స్‌లో ఉన్నారు, వాళ్ల కోసం నేనిక్కడ నిలబడ్డాను, మీరూ ఇక్కడికి రాగలరు అన్నాడు. మొత్తం కలిపి నాలుగైదు వాక్యాలు.

ఏథెన్స్ ఒకప్పుడు బొగ్గు గనుల ప్రాంతం. గనులు మూతపడ్డాయి, ఊళ్లు మిగిలాయి. అక్కడ ఏథెన్స్ కౌంటీ ఫుడ్ ప్యాంట్రీ అని వాలంటీర్లు నడిపే ఒక చిన్న సంస్థ ఉంది, సరుకులు కొనుక్కోలేనివాళ్లకి ఉచితంగా ఇస్తుంది. బరో మాటలు విన్న ఆ ఊరి కుర్రాడొకడు ఆ ప్యాంట్రీ కోసం ఫేస్‌బుక్‌లో విరాళాలు అడిగాడు. లూసియానా నుంచి పంపారు, ఒహాయో నుంచి పంపారు, బరో జట్టంటే గిట్టని కాలేజీల అభిమానులూ పంపారు. కొద్ది రోజుల్లోనే లక్షల డాలర్లు, చివరికి ఐదు లక్షలు దాటింది. ఆ డబ్బుని ఒక్కసారిగా ఖర్చుపెట్టకుండా కొంత భాగాన్ని శాశ్వత నిధిగా దాచారు. నాలుగైదు వాక్యాలకి ఇంత జరిగిందంటే, అతను ‘పేదలు’ అని ఊరుకోకుండా ఊరి పేరు చెప్పాడు, బడి నుంచి ఇంటికొచ్చే పిల్లల్ని చూపించాడు, అందుకే జరిగిందని నేను అనుకుంటాను.

ఇప్పుడు మనవైపు వస్తాను. ఇది వింటున్నవాళ్లలో పిల్లల్ని అమెరికాలో చదివిస్తున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఫోన్ చేయగానే మనం అడిగే మొదటి ప్రశ్న, తిన్నావా? పిల్లలు చెప్పే మొదటి జవాబు, ఆ, తిన్నాను. బ్యాంకు లోను కట్టి, ఫీజు కట్టి, నలుగురు కలిసి అద్దె కట్టాక, మొదటి జీతం చెక్కు వచ్చేదాకా ఆ జవాబు ప్రతిసారీ నిజమే అయ్యుంటుందని నేను నమ్మలేను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల కంటే ఎక్కువ పనిచేయకూడదు. ఆ ఉద్యోగం కూడా వెళ్లగానే దొరకదు.

చాలా అమెరికా యూనివర్సిటీల్లో, ఎల్‌ఎస్‌యూతో సహా, విద్యార్థుల కోసమే ఫుడ్ ప్యాంట్రీలు ఉన్నాయి. సాధారణంగా స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు. బియ్యం, పాస్తా, డబ్బా శనగలు, ఓట్స్, పీనట్ బటర్ లాంటివి ఇస్తారు. ఇబ్బందిలో ఉన్న విద్యార్థి అక్కడికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది ఉన్నదే అందుకు. ఇంటి నుంచి డబ్బు అందుతున్నవాళ్లు మాత్రం ఆ వరసలో నిలబడకూడదు, అక్కడ తీసుకున్న ప్రతి డబ్బా ఇంకొకరికి తగ్గుతుంది.

కాబట్టి ఈ వారం ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక ఇంకొకటి కూడా అడగండి. మీ క్యాంపస్‌లో ఫుడ్ ప్యాంట్రీ ఎక్కడుంది, ఏ రోజుల్లో తెరుస్తారు అని. తెలియదంటే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతకమనండి, అక్కడా కనపడకపోతే విద్యార్థుల బాగోగులు చూసే ఆఫీసుకి వెళ్లి అడగమనండి. తనకి అవసరం లేకపోయినా కనుక్కోమనండి, పక్కగదిలో ఉన్న కుర్రాడికి అవసరం కావచ్చు. చదువు పూర్తిచేసి ఉద్యోగంలో స్థిరపడ్డవాళ్లయితే తాము చదివిన కాలేజీ ప్యాంట్రీకి ఎంతో కొంత పంపమనండి. సరుకుల కంటే డబ్బే పంపితే మేలు, ఎందుకంటే చాలా ప్యాంట్రీలు ఫుడ్ బ్యాంకుల ద్వారా మనం దుకాణంలో కొనే ధర కంటే బాగా తక్కువకి కొనగలవు.