లైన్ ప్లాట్‌లో ఒక్కో గుర్తూ దేన్ని చెబుతుంది?

[తెర మీద: 4 నుంచి 5½ వరకు పావు అంగుళం చొప్పున గుర్తించిన సంఖ్యారేఖ. దాని పైన ఇంటు గుర్తులు: 4 మీద ఒకటి, 4¼ మీద రెండు, 4½ మీద నాలుగు, 4¾ మీద ఒకటి, 5¼ మీద ఒకటి, 5½ మీద ఒకటి. 5 పైన ఖాళీ. రేఖ కింద ‘పెన్సిళ్ల పొడవు, అంగుళాల్లో’ అని ఉంటుంది.]

వ్యాఖ్యానం: కొలతలను సంఖ్యారేఖ పైన గుర్తులుగా చూపే ఇలాంటి చిత్రాన్ని లైన్ ప్లాట్ అంటారు. దీన్ని మూడో తరగతి పిల్లవాడికి చూపించి, మొత్తం ఎన్ని పెన్సిళ్లను కొలిచారని అడిగితే ‘ఏడు’ అనే జవాబు వచ్చే అవకాశం చాలా ఉంది. రేఖ మీద కనిపించే సంఖ్యలు ఏడు కాబట్టి వాడు వాటినే లెక్కపెడతాడు. నిజానికి కొలిచినవి పది పెన్సిళ్లు. రేఖ మీది సంఖ్య కొలతను చెబుతుంది, దాని పైనున్న గుర్తులు ఆ కొలత ఎన్ని వస్తువులకు వచ్చిందో చెబుతాయి. రెండూ సంఖ్యలే కావడం వల్ల పిల్లల మనసులో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. లైన్ ప్లాట్ లెక్కల్లో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

[తెర మీద: 2, 3, 4, 5 తరగతుల పేర్లు వరుసగా వెలుగుతాయి.]

వ్యాఖ్యానం: అమెరికాలో ఏ తరగతిలో ఏం నేర్పాలో చెబుతూ 2010లో వెలువడిన కామన్ కోర్ గణిత ప్రమాణాల ప్రకారం ఈ పాఠం రెండో తరగతిలో పూర్ణసంఖ్యల కొలతలతో మొదలై, మూడో తరగతిలో అర, పావు అంగుళాలకు, నాలుగులో ఎనిమిదో వంతులకు, అయిదులో మొత్తాన్ని సమానంగా పంచే లెక్కలకు చేరుతుంది. కామన్ కోర్‌ను స్వీకరించని టెక్సాస్‌లో దాదాపు ఇదే చిత్రాన్ని డాట్ ప్లాట్ అంటారు. అక్కడ ఇంటు గుర్తుకు బదులు చుక్క పెడతారు. మన ఊళ్లలో గణన చిహ్నాలు, బార్ గ్రాఫులు నేర్చుకుని అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు చాలామంది పిల్లల హోంవర్కులోనే దీన్ని మొదటిసారి చూస్తారు. చిత్రం చదవడం కష్టమేమీ కాదు, చదివించే పద్ధతిలోనే కాస్త ఓపిక కావాలి.

[తెర మీద: స్కేలు పక్కన పెన్సిల్. దాని మొన 4½కు కొద్దిగా ముందు ఆగుతుంది.]

వ్యాఖ్యానం: వర్క్‌షీటు మీద అచ్చయిన చిత్రంతో మొదలుపెట్టడం కంటే, ఇంట్లో ఉన్న పెన్సిళ్లను పిల్లల చేతనే కొలిపించి, ప్రతి కొలత చెప్పగానే ఒక గుర్తు పెట్టించడం మేలు. తెర మీది పెన్సిల్ సరిగ్గా నాలుగున్నర అంగుళాలు లేదు; అయినా పావు అంగుళాల్లో చూస్తే దానికి దగ్గరగా ఉన్నది నాలుగున్నరే కనుక గుర్తు అక్కడే పడుతుంది. కాబట్టి ఒకే చోట ఉన్న నాలుగు పెన్సిళ్లు అచ్చంగా ఒకే పొడవు ఉన్నాయని అనుకోనక్కర్లేదు. గీయడానికి గళ్ల నోట్‌బుక్ వాడించండి. గుర్తులు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా పడితే, మూడు గుర్తుల వరుస నాలుగు గుర్తుల వరుస కంటే ఎత్తుగా కనిపించి కంటిని మోసం చేస్తుంది.

[తెర మీద: 5 అనే సంఖ్య, దాని పైన ఖాళీ చోటు వెలుగుతాయి.]

వ్యాఖ్యానం: అయిదు అంగుళాల పెన్సిల్ లేదు కనుక కొందరు పిల్లలు 5ను వదిలేసి, నాలుగుముప్పావు పక్కనే అయిదుంపావు రాస్తారు. అలా రాస్తే రేఖ మీద దూరాలు తప్పుతాయి, చివరి రెండు పెన్సిళ్లు మిగతావాటికి ఎడంగా ఉన్నాయన్న సంగతి కూడా కనబడకుండా పోతుంది. ఒక్క గుర్తూ లేని చోటు కూడా ఒక సమాచారమే.

[తెర మీద: ఒక తల్లి, కొడుకు. చిత్రంలోని ఒక ఇంటు గుర్తు మీద తల్లి వేలు పెడుతుంది.]

తల్లి: నాన్నా, ఈ గుర్తు దేనిది?

కొడుకు: ఒక పెన్సిల్‌ది.

తల్లి: దాని పొడవెంత?

కొడుకు: నాలుగుంపావు అంగుళాలు.

వ్యాఖ్యానం: ఏ ప్రశ్నకైనా ముందు ఈ రెండు మాటలు చెప్పించడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఆ తర్వాత పొడవైన పెన్సిల్‌కూ పొట్టిదానికీ తేడా అడిగితే, అయిదున్నరలోంచి నాలుగు తీసి ఒకటిన్నర అంగుళాలని పిల్లలు సులువుగానే చెబుతారు. నాలుగున్నర కంటే పొడవైనవి ఎన్ని అన్నప్పుడు మూడు, నాలుగున్నర గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవి ఎన్ని అన్నప్పుడు ఏడు వస్తాయి. ఈ రెండు ప్రశ్నలనూ వెంటవెంటనే అడగండి. నాలుగున్నర అంగుళాల పెన్సిళ్లన్నిటినీ వరుసగా పేర్చితే ఎంత పొడవు వస్తుందన్నప్పుడు, ఆ సంఖ్య రేఖ మీద ఒక్కసారే రాసి ఉన్నా, దాన్ని నాలుగుసార్లు కూడి పద్దెనిమిది అంగుళాలని చెప్పాలి.

చిత్రం చెప్పని సంగతులను కూడా అడగాలి. నాలుగున్నర దగ్గర ఎక్కువ గుర్తులు ఉన్నాయని చిత్రం చెబుతుంది కానీ, పిల్లలకు ఆ పొడవే ఇష్టమని చెప్పదు. ఏ పెన్సిల్ ఎవరిదో కూడా చెప్పదు. ‘దీన్ని బట్టి తెలియదు’ అన్నది కూడా సరైన జవాబు కాగలదని పిల్లలకు తెలియాలి.

[తెర మీద: కొత్త లైన్ ప్లాట్. కింద ‘గ్లాసుల్లోని నీళ్లు, కప్పుల్లో’. ¼ మీద మూడు గుర్తులు. ½, ¾, 1 మీద ఒక్కొక్కటి.]

వ్యాఖ్యానం: అయిదో తరగతి లెక్క ఇలా ఉంటుంది: ఆరు గ్లాసుల్లోని నీళ్లన్నీ కలిపి, మళ్లీ ఆరింటిలో సమానంగా పోస్తే ఒక్కోదానిలో ఎంత ఉంటుంది? మొదట మూడు పావులు కలిపితే ముప్పావు. దానికి అర, ముప్పావు, ఒకటి చేరిస్తే మొత్తం మూడు కప్పులు. ఆరు గ్లాసులకు పంచితే తలా అర కప్పు. పిల్లవాడు మొత్తం రెండున్నర కప్పులని చెబితే భాగహారం దాకా వెళ్లనక్కర్లేదు. వాడు పావును ఒక్కసారే కూడాడు.

[తెర మీద: ఆరు గుర్తులూ కదిలి ½ పైన ఒకే వరుసగా నిలుస్తాయి. పాత చిత్రం పక్కనే ఉంటుంది.]

వ్యాఖ్యానం: రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి, ఏది మారింది, ఏది మారలేదు అని అడగండి. గుర్తులు రెండింటిలోనూ ఆరే, నీళ్లు రెండింటిలోనూ మూడు కప్పులే. పావు నుంచి ఒకటి దాకా ఉన్న ఎడం మాత్రం రెండో చిత్రంలో లేదు.