నాన్సీ అడిగి తీసుకున్న జేబురుమాలు

నమస్కారం అండి. ఈరోజు 'ఆలివర్ ట్విస్ట్' నవల గురించి మాట్లాడుకుందాం. చార్లెస్ డికెన్స్ దీన్ని 1837 నుంచి 1839 దాకా ఒక పత్రికలో నెలనెలా రాశాడు. కథ చాలామందికి తెలుసు. అనాథాశ్రమం లాంటి చోట పుట్టిన ఒక పిల్లాడు లండన్ పారిపోయి దొంగల చేతిలో పడతాడు. అంత మురికిలో పెరిగినా వాడి మంచితనం చెడిపోదు. చివరికి మంచివాళ్ల ఇంటికి చేరతాడు. చిన్నప్పుడు ఏ సంక్షిప్త పుస్తకంలోనో చదివి ఉంటే మీకూ ఇదే గుర్తుండి ఉంటుంది.

నాకూ చాలాకాలం ఇదే గుర్తుంది. తర్వాత పూర్తి నవల చదివాక నా దృష్టి ఆలివర్ మీద నుంచి జరిగి నాన్సీ అనే అమ్మాయి మీదకు వెళ్లింది, ఇక అక్కడే ఉండిపోయింది. ఎందుకో చెప్తాను. ముందు మిమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్లాలి.

లండన్‌లో శాఫ్రన్ హిల్ దగ్గర, మసిపట్టి నల్లబడిన గోడల గది. పొయ్యి మీద సాసేజీలు వేగుతున్నాయి. పక్కన కొయ్య దండెం నిండా పట్టు జేబురుమాళ్లు వేలాడుతున్నాయి. ఆ గది యజమాని ఫేగిన్ అనే ముసలాయన. పొద్దున్నే టిఫిన్ అయ్యాక ఆయన జేబుల నిండా వస్తువులు పెట్టుకుని, వీధిలో షాపులు చూస్తూ నడిచే పెద్దమనిషిలా గదిలో తిరుగుతాడు. పిల్లలు ఆయనకు తెలియకుండా ఒక్కొక్కటే లాగేయాలి, అదీ ఆట. ఆలివర్ దాన్ని చూసి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతాడు. అది దొంగతనం నేర్పే పాఠమని వాడికి తెలియదు. వాడికి అప్పగించిన పని, ఆ రుమాళ్ల మీద కుట్టి ఉన్న గుర్తులను సూదితో ఊడదీయడం. అంటే ఎవరి రుమాలో తెలియకుండా చేయడం.

ఇక్కడ మనసుకు కష్టంగా ఉండే విషయం ఒకటుంది. ఆలివర్‌కి ఆ నవ్వు అంతకుముందు ఎక్కడ దొరికింది? చట్టబద్ధంగా నడిచే, ధర్మం పేరు పెట్టుకున్న సంస్థలో వాడికి దొరికింది రోజుకి మూడు పూటలా పల్చటి జావ, వారానికి రెండుసార్లు ఒక ఉల్లిపాయ, ఆదివారం సగం రొట్టె. 1834లో ఇంగ్లండ్ పేదల చట్టాన్ని మార్చింది. వర్క్‌హౌస్‌లోకి, అంటే దిక్కులేని పేదలతో పని చేయించుకుని తిండి పెట్టే ఆ సంస్థలోకి, వచ్చినవాళ్ల బతుకు బయటున్న అతి పేద కూలీ బతుకు కన్నా దుర్భరంగా ఉండాలని, అప్పుడే సోమరులు రారని ఆ చట్టం వెనక ఆలోచన. డికెన్స్ కోపమంతా దాని మీదే.

'ఇంకొంచెం పెట్టండి' అని ఆలివర్ అడిగిన సీను లోకమంతటికీ తెలుసు. కానీ వాడు ఎందుకు అడిగాడో చాలామందికి గుర్తుండదు. ఆకలికి తట్టుకోలేని పిల్లలు చీట్లు వేస్తారు, ఆ చీటీ ఆలివర్‌కి పడుతుంది. అందరి తరఫునా వెళ్లి అడుగుతాడు, దెబ్బలు మాత్రం ఒక్కడే తింటాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు.

సరే, ఫేగిన్ దగ్గరకు వద్దాం. మన దగ్గర 'మొక్కై వంగనిది మానై వంగునా' అని సామెత ఉంది కదా. ఫేగిన్ దాన్ని తలకిందులుగా వాడతాడు. మొక్కగా ఉన్నప్పుడే చెడు వైపు వంచేస్తే మానయ్యాక ఇక నిటారుగా లేవదని ఆయన ధీమా. దానికి ఆయన దగ్గర ఒక పద్ధతి కూడా ఉంది. ఆ పద్ధతిలో కొట్టడం ఉండదు. ఆలివర్‌ని ఒక పాడుబడ్డ ఇంట్లో రోజుల తరబడి ఒంటరిగా పెడతాడు. చీకటి, ఎలుకలు, మాట్లాడే దిక్కు లేదు. ఆ ఒంటరితనంతో వాడి మనసు బాగా మెత్తబడ్డాక మిగతా కుర్రాళ్లను పంపిస్తాడు, నవ్విస్తాడు, తన పాత దొంగతనాల కథలు సరదాగా చెప్తాడు. ఎవరైనా సరే మనిషి తోడు కావాలనిపించే స్థితికి తెచ్చి, ఆ తోడులో విషం కలిపి పెడతాడు. ఇది 1837లో రాసిన విషయం. ఇవాళ పిల్లలను వలలో వేసుకునేవాళ్ల పద్ధతి ఎంత దగ్గరగా ఉందో చూడండి. నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా టెన్షన్‌గానే ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, దాని వెనక డబ్బుంది. ఆలివర్ తండ్రి వీలునామాలో ఒక షరతు పెట్టాడు. మైనారిటీ తీరేలోగా కొడుకు ఏ నీచమైన పనితోనూ తన పేరుకి మచ్చ తెచ్చుకోకపోతేనే ఆస్తి వాడికి దక్కుతుంది. సవతి అన్న మాంక్స్‌కి అది తెలుసు. అందుకే ఫేగిన్‌కి డబ్బిచ్చి ఆ పిల్లాణ్ణి దొంగగా మార్చమంటాడు. ఒక పసివాడి మంచితనాన్ని చెడగొట్టడమే ఇక్కడ బేరం.

ఆలివర్ చెడిపోడు. నేరస్థుల కథల పుస్తకం చదవమని ఇస్తే భయపడి పక్కకు తోసేసి దేవుడికి దండం పెట్టుకుంటాడు. చాలామంది విమర్శకులు ఇక్కడే అభ్యంతరం చెప్పారు. వర్క్‌హౌస్‌లో పెరిగిన పిల్లాడు అంత శుభ్రమైన ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడు, దొంగల మధ్య ఉండి అంత స్వచ్ఛంగా ఎలా ఉంటాడు, పెద్దింటి రక్తం కాబట్టి మంచివాడయ్యాడని డికెన్స్ అంటున్నాడా అని. భాష గురించిన అభ్యంతరం న్యాయమే, నేను ఒప్పుకుంటాను. రక్తం గురించినది మాత్రం నవల ముందు నిలబడదు. మాంక్స్‌దీ అదే రక్తం. ఇద్దరికీ తండ్రి ఒక్కడే. అగ్నిసాక్షిగా అన్నట్టు చర్చిలో జరిగిన పెళ్లికి పుట్టినవాడు మాంక్స్, పెళ్లి కాకుండా పుట్టినవాడు ఆలివర్.

అయినా ఆలివర్ తామరాకు లాంటివాడు. నీటిబొట్టు దాని మీద నిలవదు, జారిపోతుంది. తామరాకుని చూసి ముచ్చటపడతాం, కానీ తడవని దాని నుంచి తడిసినవాళ్లు ఏం నేర్చుకోవాలి? దానికి సమాధానం కావాలంటే నాన్సీ దగ్గరకే వెళ్లాలి.

నాన్సీ పూర్తిగా తడిసిపోయిన మనిషి. నవల పదహారో అధ్యాయంలో ఆమె ఫేగిన్ మీద విరుచుకుపడి, ఆలివర్ని చూపిస్తూ, వీడి వయసులో సగం కూడా లేనప్పుడే నీకోసం దొంగతనం చేశాను, అప్పటి నుంచి పన్నెండేళ్లుగా ఇదే పని అంటుంది. మీరే లెక్క వేయండి. ఆలివర్‌కి పదేళ్లు అనుకుంటే నాన్సీ ఐదేళ్లకే దొంగ. ఇప్పుడు ఆమెకు పదిహేడు. మనం సినిమాల్లో చూసి పెద్దావిడ అనుకుంటాం, ఆమె ఇంటర్ చదివే వయసు పిల్ల. ఆలివర్ ఫేగిన్ చేతిలో ఉన్నది కొన్ని వారాలు. ఈమె బతుకంతా ఉంది. మొక్కగా ఉన్నప్పుడే వంచేసిన చెట్టు ఇది.

ఆమె చేసిన తప్పు చిన్నదేమీ కాదు. బ్రౌన్‌లో అనే మంచి పెద్దమనిషి ఇంట్లో కోలుకుంటున్న ఆలివర్ బయటికి వచ్చినప్పుడు, నడివీధిలో 'మా తమ్ముడు' అని ఏడుస్తూ నటించి వాణ్ణి పట్టుకుని మళ్లీ దొంగల ఇంటికి లాక్కొచ్చింది ఈమే. చుట్టూ ఉన్న జనం ఆమె ఏడుపు నమ్మారు. పిల్లాడి మాట ఎవరూ వినలేదు. కానీ అదే రాత్రి ఫేగిన్ వాణ్ణి కొడుతుంటే చేతిలో కర్ర లాక్కుని నిప్పుల్లో పడేసింది కూడా ఈమే. తనే తెచ్చి అప్పగించిన పిల్లాడిలో ఐదేళ్ల తనని చూసుకుంది.

ఆ తర్వాత మాంక్స్, ఫేగిన్ మాట్లాడుకున్నది చాటుగా వింటుంది. తన మనిషి, దొంగ బిల్ సైక్స్‌కి మత్తుమందు ఇచ్చి, ఆలివర్ని ఆదరించిన రోజ్ మేలీ ఉంటున్న హోటల్‌కి వెళ్లి అంతా చెప్పేస్తుంది. రోజ్ ఆమెతో మామూలు మనిషితో మాట్లాడినట్టు, దయగా మాట్లాడుతుంది. అంతే. అది తట్టుకోలేక నాన్సీ ఏడ్చేస్తుంది. మీలాంటివాళ్లు ఎక్కువమంది ఉంటే నాలాంటివాళ్లు తక్కువమంది ఉండేవాళ్లు అంటుంది. ఈ నవలంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే.

ఆ మాట పట్టుకుని వెనక్కి వెళితే ఆలివర్ కూడా వేరుగా కనిపిస్తాడు. వాడు పారిపోతున్న తెల్లవారుజామున డిక్ అనే చిన్న స్నేహితుడు గేటెక్కి మెడ చుట్టూ చేతులు వేసి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అంటాడు. ఆలివర్ జీవితంలో వాడికి దొరికిన మొదటి దీవెన అది, అదీ చావుకి దగ్గరపడ్డ ఒక పసివాడి నుంచి. ఆ దీవెనను వాడు ఎప్పటికీ మరిచిపోలేదని డికెన్స్ రాస్తాడు. లండన్ డెబ్బై మైళ్లు. దారిలో ఒక ముసలమ్మ, తన మనవడు కూడా ఎక్కడో ఇలాగే కాళ్లకు చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడని తలుచుకుని, ఉన్నదాంట్లో కొంచెం పెడుతుంది. ఈ చిన్న చిన్న దయలు లేకపోతే ఆలివర్ ఫేగిన్ ఇంటికి చేరేసరికి ఏమయ్యేవాడో నేను చెప్పలేను. మంచితనం తనంతట తాను బతికిందని నాకు అనిపించదు. ఎవరో ఒకరు దానికి గుక్కెడు నీళ్లు పోశారు.

డికెన్స్‌కి ఇది ఊహతో తెలిసింది కాదు. 1824లో ఆయనకు పన్నెండేళ్లు. తండ్రి అప్పు తీర్చలేక మార్షల్‌సీ జైలుకి వెళ్లాడు. ఈ పిల్లాడు థేమ్స్ ఒడ్డున బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు కాగితాలు అంటించే పనిలో చేరాడు. ఒకరోజు పక్కలో నొప్పితో పడిపోతే, తోటి కుర్రాడొకడు ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్లు నింపి చాలాసేపు కాపడం పెట్టాడు. సాయంత్రం ఇంటిదాకా దిగబెడతానని వెంట వచ్చాడు. ఇల్లంటే జైలే అని చెప్పడానికి సిగ్గుపడి, డికెన్స్ ఎవరి ఇంటి ముందో ఆగి, ఇదే మా ఇల్లు అని వాణ్ణి పంపించేశాడు. ఆ కుర్రాడి పేరు బాబ్ ఫేగిన్.

అవును, ఫేగిన్. తనకు కాపడం పెట్టినవాడి పేరునే దొంగల నాయకుడికి పెట్టాడు. ఎందుకు పెట్టాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అతని దయ ఆనాటి ఆ పిల్లాణ్ణి భయపెట్టి ఉంటుందని నా అభిప్రాయం. ఆ స్నేహం అంగీకరిస్తే తను ఎప్పటికీ అక్కడివాడే అయిపోతానన్న భయం. తనను పట్టించుకున్నవాళ్లే లేని ఆ రోజులను బట్టి చూస్తే, దేవుడి దయ లేకపోతే తానూ చిన్న దొంగనో దేశదిమ్మరినో అయ్యుండేవాణ్ణని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఆ కాగితాలు ఆయన పోయాకే, స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో లోకానికి తెలిశాయి.

ఒక లోపం కూడా చెప్పకుండా ఉండలేను. నవలలో ఫేగిన్‌ని పదే పదే 'ఆ యూదుడు' అని రాశాడు. పుట్టుకను బట్టి మనిషిని తూచకూడదని చెప్పే నవల, ఒక జాతి మొత్తాన్నీ పుట్టుకతోనే తూచింది. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ దీని గురించి ఆయనకు ఉత్తరం రాసింది. మొదట సమర్థించుకున్నాడు, కానీ 1867 నాటి ఎడిషన్‌లో ఆ మాటను చాలా చోట్ల తీసేశాడు. ఉరికి ముందు రాత్రి జైల్లో ఫేగిన్‌ని చూడటానికి వెళ్లిన ఆలివర్, నాతో కలిసి మోకాళ్ల మీద ఒక్క ప్రార్థన చేయండి అని బతిమాలతాడు. పిల్లాడికి ఆ రాత్రి ఎదురుగా ఒక భయపడుతున్న ముసలాయన మాత్రమే కనిపించాడు. రచయిత కంటే వాడే ముందున్నాడు.

ఫేగిన్ శిష్యుల్లో చార్లీ బేట్స్ అని ఒకడుంటాడు, ప్రతిదానికీ పగలబడి నవ్వేవాడు. తమ గుట్టు బయటపెట్టిందని నాన్సీని చంపి దాక్కోవడానికి వచ్చిన సైక్స్‌ని చూడగానే వాడి నవ్వు ఆగిపోతుంది. అంత పెద్ద మనిషి మీద ఒంటరిగా కలబడతాడు, జనాన్ని పిలుస్తాడు. చివర్లో వాడు పల్లెకు వెళ్లి, మొదట పొలాల్లో కష్టపడి పనిచేసి, నార్తంప్టన్‌షైర్‌లో పశువులు మేపుకుంటూ సంతోషంగా బతుకుతాడు. ఫేగిన్ వంచిన మొక్కల్లో ఒకటి అలా లేచి నిలబడింది.

నాన్సీకి ఆ అవకాశం నవల ఇవ్వలేదు. ఆమె వయసు, ఆమె పరిస్థితి ఉన్న అమ్మాయిల కోసం డికెన్స్ 1847లో ఏంజెలా బర్డెట్ కూట్స్ అనే ధనవంతురాలి సాయంతో షెపర్డ్స్ బుష్‌లో యురేనియా కాటేజ్ అనే ఇల్లు తెరిపించాడు. అమ్మాయిలతో తనే మాట్లాడి చేర్చుకునేవాడు. పుస్తకంలో ఇవ్వలేనిది బయట ఇద్దామనుకున్నాడేమో.

ఇక ఆ రాత్రి. లండన్ బ్రిడ్జి మెట్ల దగ్గర నాన్సీ చివరిసారి రోజ్‌ని కలుస్తుంది. చెప్పాల్సినదంతా చెప్పేసింది. బ్రౌన్‌లో ఆమెకు వేరే దేశంలోనైనా సరే, ఎక్కడ సురక్షితమంటే అక్కడ ఆశ్రయం ఇస్తానంటాడు. వద్దంటుంది. పాత బతుకుకి తాను గొలుసులతో కట్టేసి ఉన్నానని, దాన్ని అసహ్యించుకుంటున్నా వదల్లేనని చెప్తుంది. రోజ్ డబ్బు సంచి చేతిలో పెట్టబోతుంది. నేను ఇది డబ్బుకోసం చేయలేదు, ఆ ఒక్క తృప్తి నాకు ఉండనివ్వండి అంటుంది. మీరు ధరించినది ఏదైనా ఇవ్వండి అని అడుగుతుంది. ఉంగరం వద్దు. చేతి తొడుగులో, జేబురుమాలో, ఏదైనా సరే.

ఐదేళ్ల వయసు నుంచి జేబురుమాళ్లు కాజేసే ఇంట్లో పెరిగిన పిల్ల అది. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి రుమాలూ ఎవరి జేబులోంచో లాగిందే. సైక్స్ తుపాకీ మడమతో కొట్టాక, రక్తం కళ్లలోకి కారుతూ ఏమీ కనిపించని స్థితిలో, మోకాళ్ల మీద లేచి, గుండెల్లోంచి ఒక తెల్ల రుమాలు తీసి ముడుచుకున్న రెండు చేతుల్లో పట్టుకుని ఆకాశం వైపు ఎత్తుతుంది. అది రోజ్ మేలీది. ఆమె అడిగితే ఇచ్చినది.