వెంకటేశ్వర్లులో 'లు'ని చంపిందెవరు?

ఆగండాగండి, పైకి తోసెయ్యకండి. ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిచి 'వెంకట' అని కొట్టండి. వెంకట్, వెంకటేష్, వెంకీ, వెంకట్ ఏసీ రిపేర్, వెంకట్ బావ, వెంకట్ బావ కొత్త నంబర్. బోలెడుమంది వచ్చారు కదా? వాళ్ళల్లో 'వెంకటేశ్వర్లు' ఎంతమంది? మహా అయితే ఒకాయన. ఆయనకి అరవై దాటి ఉంటాయి. పందెం.

ఆ బారసాల రీల్ మీరంతా చూసేశారు, మళ్ళీ వెయ్యను. పళ్ళెంలో బియ్యం, కొడుకు చేతిలో ఉంగరం, తాత "వెంకటేశ్వర్లని రాయరా" అంటాడు, కొడుకు 'రేయాన్ష్' అని రాస్తాడు. తాత మొహం మీదికి జూమ్. ఇక కామెంట్లలో కురుక్షేత్రం. సగంమంది పాత చింతకాయ పచ్చడి పేరు అంటారు, మిగతా సగం దేవుడి పేరు మంటగలిసిపోయిందని ఏడుస్తారు. ఇద్దరికీ విషయం అర్థం కాలేదు. దేవుడి పేరుకేం కాలేదయ్యా! పోయింది 'లు'. రెండంటే రెండే గుర్తులు, 'ల'కి కొమ్ము. దాన్ని మనమే పీక పిసికి చంపేశాం.

వెంకట బతికే ఉన్నాడు, మీకు కనపడకుండా కూర్చున్నాడు. పి.వి. నరసింహారావులో 'వి' ఎవరు? వెంకట. వి.వి.ఎస్. లక్ష్మణ్‌లో రెండో 'వి' ఎవరు? వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. ఎస్.వి. రంగారావు? సామర్ల వెంకట రంగారావు. ఇవన్నీ మగాళ్ళ పేర్లంటారా? పి.వి. సింధు, పూసర్ల వెంకట సింధు! ఒలింపిక్ పతకం కూడా వెంకట ఖాతాలో పడింది. వెంకటకి ఇనిషియల్ అనే దుప్పటి దొరికింది, కప్పుకుని పడుకున్నాడు. పాపం 'లు'కి ఏ దుప్పటీ లేదు. పేరు చివర్లో ఉంటుంది కాబట్టి కత్తెర దానికే తగిలింది.

ఈ పేరు ఎక్కడిదని మళ్ళీ అడుగుతారు, గబగబా చెప్పేస్తా. ముందు కొండ, తర్వాతే దేవుడు. తిరుమల ఏడుకొండల్లో ఒకటి వేంకటాద్రి. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చెయ్యడం అని పురాణం చెబుతుంది. తమిళులైతే వాళ్ళ పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం పీఠికలోనే మా నేలకి ఉత్తరపు హద్దు వేంగడం అని రాసుకున్నారు. ఆ కొండకి ఈశ్వరుడు వేంకటేశ్వరుడు. ఇంతవరకూ అందరిదీ.

మరి మనదేది? 'లు'! తమిళుడు వెంకటేశన్ అన్నాడు, కన్నడిగుడు వెంకటేశ అన్నాడు, వెంకటప్ప అన్నాడు. మనం వెంకటేశ్వర్లు అన్నాం. ఆ 'లు' ఏంటో తెలుసా? గౌరవం. 'రాముడొచ్చాడు' అంటే కథ, 'రాములవారొచ్చారు' అంటే భద్రాచలం. ఒక్క మనిషినే బహువచనంలో పిలవడం. పుట్టి ఇరవై ఒక్క రోజులు కూడా నిండని పిల్లాడికి, ఇంకా మెడ నిలబడనివాడికి, 'గారు' కుట్టేసి ఇచ్చారు మన ముసలమ్మలు.

నా థియరీ ఇక్కడ మొదలవుతుంది, నచ్చకపోతే తిట్టండి. రాములు, ఆంజనేయులు, నరసింహులు, వెంకటేశ్వర్లు, ఈ పేర్లు బంగళాల్లో కంటే కూలి ఇళ్ళల్లో ఎందుకంత గట్టిగా నిలిచాయి? ఊళ్ళో ఎవడు పడితే వాడు 'ఒరేయ్' అని పిలిచే మనిషిక్కూడా, పూర్తి పేరు పలకాలంటే గౌరవ వాచకం నోట్లోంచి రావాల్సిందే కాబట్టి! "ఒరే రాములూ" అన్నా సరే, 'ఒరే' నీది, 'లు' నాది. పేరు పెట్టిన ఆ తల్లి తెలివి చూశారా? దీనికి తాళపత్రం చూపించమంటే నా దగ్గర లేదు. కానీ కాదని ఎవరైనా చెప్పండి చూద్దాం.

సరే, చంపిందెవరు? ఫ్యాషన్ అంటారు. కాదు, సిగ్గు! రామానుజన్ 1914లో కేంబ్రిడ్జికి ఓడెక్కాడు, 'న్' ఊడిందా? చంద్రశేఖర వెంకట రామన్, చూశారా, అక్కడా వెంకట ఉన్నాడు, 1930లో నోబెల్ తీసుకున్నాడు, 'న్' ఊడిందా? ఇప్పుడు నేనొకటంటా, మీ మొహం మీరే గమనించుకోండి. 'రామన్ ఎఫెక్ట్'. గంభీరంగా ఉంది. 'రాములు ఎఫెక్ట్'. నవ్వొచ్చిందా? వచ్చింది! ఆ నవ్వే హంతకుడు. తమిళ ప్రత్యయం సైన్సులా వినిపిస్తుంది, తెలుగు ప్రత్యయం కామెడీ ట్రాక్‌లా వినిపిస్తుంది. చెవులు మనవే, చెడగొట్టుకుందీ మనమే.

నా ఫ్రెండ్ ఒకడు, శ్రీనివాసులు, నెల్లూరోడు. నెల్లూరు, సీమ వైపు ఈ 'లు' ఇంకా గట్టిగా ఉంటుంది, కృష్ణ ఒడ్డుకొచ్చేసరికి వాడే శ్రీనివాసరావు అయిపోతాడు. వీడు బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. మొదటి వారమే మేనేజరు ఇంగ్లీషులో 'లూ' అంటే ఏంటో తెలుసా అని పకపకా నవ్వాడట. తెలుసు, మరుగుదొడ్డి. అంతే, మనవాడు శ్రీని అయ్యాడు. మెయిల్‌లో శ్రీని, మెడలో ట్యాగ్ మీద శ్రీని, చివరికి పెళ్ళి శుభలేఖ మీద కూడా శ్రీని! వాళ్ళమ్మ మాత్రం ఫోన్ చేసి "శీనులూ, తిన్నావా" అంటుంది.

నెల్లూరంటే గుర్తొచ్చింది. ఆ జిల్లా పేరేంటి? శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. 1952లో మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహార దీక్ష చేసి, డిసెంబర్ 15న ప్రాణం వదిలాడాయన. మరుసటి ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగువాడికి రాష్ట్రం తెచ్చిపెట్టిన పేరు చివర ఏముంది? గట్టిగా అనండి. 'లు'! ఆయన శ్రీరామ్ కాదు, శ్రీరామ్స్ అంతకన్నా కాదు.

దక్షిణాఫ్రికాలో డర్బన్ తెలుగువాళ్ళని చూసైనా సిగ్గుపడాలి. 1860లో మద్రాసు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడల్లో వెళ్ళడం మొదలెట్టారు మనవాళ్ళు. తరాలు గడిచాయి, ఇంట్లో తెలుగు పలచబడిపోయింది, కానీ ఇంటిపేరు చూడండి, నాయుడూ! ఇంగ్లీషులో చివర రెండు 'ఓ'లు పెట్టి మరీ కాపాడుకున్నారు ఆ 'డు'ని. మనం హైదరాబాద్‌లో కూర్చుని 'లు'ని కాపాడుకోలేకపోయాం.

ఇంక రేయాన్ష్. వెబ్‌సైట్లలో చూస్తే విష్ణువు అంశ అంటారు, సూర్యకిరణం అంటారు. సంస్కృతంలో 'రేయ' అనే సూర్యుడు ఎక్కడున్నాడో నాకు చూపించండి. నాకైతే ఇంగ్లీషు 'రే'కి సంస్కృత 'అంశ' అతికించినట్టుంది. తెలుగులో చదివితే మరీ కష్టం, రేయి అంటే రాత్రి. సూర్యుడనుకుని రాత్రి ముక్క తెచ్చి పెట్టుకున్నారు పిల్లాడికి! తాత పేరుకి అర్థం అడిగినోడు దీనికి అడగడే?

సరే, మీ పని మీరు చెయ్యండి. మీ ఇంట్లో 'లు' ఎవరి పేర్లోంచి, ఎక్కడ రాలిపోయింది? టెన్త్ మెమో మీదా, పాస్‌పోర్ట్ మీదా, న్యూమరాలజీ ఆయన గదిలోనా? కింద రాయండి. 'వెంకట్ బాగానే ఉంది కదా బ్రో' అని రాసే వెంకట్‌లు ముందు మీ నాన్నగారి ఆధార్ కార్డు తీసి చూసుకుని రండి. వచ్చే వీడియోలో సుబ్బయ్య, రామయ్యల 'అయ్య' సంగతి తేలుద్దాం, దాని మీద నా కోపం ఇంకా ఎక్కువ.