చెరిపేసిన సందేశం

అధ్యక్షులకు, నిర్వాహకులకు, రాయాలన్న కోరికతో వచ్చిన మీ అందరికీ నమస్కారం. మిగిలిన మర్యాదలను వదిలేస్తున్నాను. వక్తకిచ్చిన సమయమంతా వాటికే ఖర్చయిన సభలు చాలా చూశాను.

ఫోను వచ్చాక రాత చచ్చిపోయిందని సాహిత్య సభల్లో ఎవరో ఒకరు వాపోతూనే ఉంటారు. నేను ఒప్పుకోను. కథ రాయమంటే మొదటి వాక్యం దగ్గరే బిగుసుకుపోయే మనిషి, అదే రోజు ఫోనులో ఒక సందేశాన్ని రాసి, మాట మార్చి, మనసు మార్చుకుని, మళ్లీ రాసి పంపుతున్నాడు. అది రాత కాకపోతే మరేమిటి? ఆ రాత నుంచే మూడు అభ్యాసాలు తెచ్చాను.

మొదటి అభ్యాసం హద్దుకు సంబంధించినది. 2006లో మొదలైన ట్విటర్, ఎస్సెమ్మెస్‌కున్న 160 అక్షరాల్లో 20 వాడుకరి పేరుకు అట్టిపెట్టి మనకు 140 ఇచ్చింది. 2017లో దాన్ని 280 చేసింది. తెలుగువాళ్లకు ఇందులో కాస్త అన్యాయం ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం, హల్లులూ పొల్లులూ గుడిదీర్ఘమూ విడివిడిగా లెక్కకొచ్చి, అక్కడ ఆరవుతుంది. ఒక సంఘటనను ఆ 280లో ఇరికించి చూడండి. ముందు విశేషణాలు రాలతాయి, తర్వాత ‘అయితే’లూ ‘అప్పుడు’లూ. ఏది తీస్తే సంఘటన కూలుతుందో అక్కడ ఆగండి.

రెండో అభ్యాసం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను, నిర్వాహకులు మన్నించాలి. మాటపట్టింపుతో విడిపోయిన ఒక స్నేహితుడికి, నాలుగేళ్ల తర్వాత ఒక రాత్రి, ‘ఒరే, నాన్నగారి సంగతి ఇవాళే తెలిసిందిరా’ అని వాట్సాప్‌లో పంపాను. టిక్కులు నీలమయ్యాయి. అతడు టైప్ చేస్తున్నట్టు పైన కనబడింది, ఆగింది, మళ్లీ కనబడింది. పావుగంట అలాగే గడిచాక వచ్చిన జవాబు ఒక్క అక్షరం: ‘ఊ’.

ఆ పావుగంటలో అతడు ఏం రాసి చెరిపాడో తెలియక, దాన్ని నేనే రాయడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు ప్రయత్నాల్లోనూ అతడు నన్ను క్షమించేశాడు; అంటే అక్కడ మాట్లాడింది అతడు కాదు, నా కోరిక. అయిదోసారి అతడు ‘ఆ రోజు ఎక్కడ చచ్చావు’ అని రాసి చెరిపాడు. అప్పుడు గాని కాగితం మీదికి అతడి గొంతు రాలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ముందు రాసుకున్నది ఏడు వరుసలు. అందులో ‘తప్పు నాదే’ అని ఉంది. పంపే ముందు ఆ ఏడూ చెరిపేసి, నాన్నగారి సంగతి తెలిసిందన్న ఆ ఒక్క వాక్యం పంపాను.

మూడో అభ్యాసం పాత పోస్టుల గురించి. దాన్ని వదిలేస్తున్నాను, ఈ రెండోదే ఇప్పుడు చేద్దాం. ఫోన్లు లోపల పెట్టుకోమని ఇందాక చెప్పారు కదా, నేను బయటికి తీయమంటున్నాను. మీకు పొడి జవాబు వచ్చిన సంభాషణ ఒకటి వెతకండి. ఆ జవాబుకు ముందు అటువైపు చెరిగిపోయినవి ఏమై ఉంటాయో కాగితం మీద వరుసగా రాయండి, ఆ తర్వాతే మీరు చెరిపినవి. కాగితాలు నాకు చూపించనక్కరలేదు. పది నిమిషాలు.